సెషన్ కుకీకి సెక్యూర్ పడటం లేదా? కోడ్ కంటే ముందు ప్రాక్సీని చూడండి

సెక్యూరిటీ రిపోర్టులో "సెషన్ కుకీకి సెక్యూర్ ఫ్లాగ్ లేదు" అని వస్తుంది. సెషన్ కుకీ అంటే లాగిన్ అయిన యూజర్‌ని గుర్తుపట్టే ఐడీని బ్రౌజర్‌లో ఉంచే చిన్న డేటా. సెక్యూర్ ఫ్లాగ్ ఉంటే బ్రౌజర్ దాన్ని హెచ్‌టీటీపీఎస్ మీదే పంపుతుంది. సెట్టింగ్స్ ఫైల్ తెరిస్తే ఆ ఫ్లాగ్ ఉన్నట్టే కనిపిస్తుంది. ఇక రెండు రోజులు కోడంతా తవ్వుతారు. ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: లాగిన్ రెస్పాన్స్‌లో సెట్-కుకీ హెడర్ (సర్వర్ బ్రౌజర్‌కి కుకీ ఇచ్చే లైన్) చూశారా? చాలామంది చూసి ఉండరు. దయచేసి ముందు అది చూడండి. ఫైల్‌లో ఏం రాశామన్నది వేరు, బ్రౌజర్‌కి ఏం చేరిందన్నది వేరు.

ప్రైవేట్ విండోలోనే చూడాలి. పాత కుకీ ఉంటే చాలా ఫ్రేమ్‌వర్కులు కొత్తది పంపవు, మీకు కనిపించేది నిన్నటి సెట్టింగే అవుతుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగిన్ రిక్వెస్ట్‌నే తెరవండి. హోమ్ పేజీకి కర్ల్ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్) కొట్టి కుకీ రాలేదనుకోవద్దు, చాలా యాప్‌లలో సెషన్ కుకీ లాగిన్ అయ్యాకే పుడుతుంది.

లక్షణం: హెచ్‌టీటీపీఓన్లీ లేదు

ఇది తేలిక. ఈ ఫ్లాగ్ ఉంటే పేజీలోని జావాస్క్రిప్ట్ కుకీని చదవలేదు. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సెషన్ కుకీకి ఇది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, పీహెచ్‌పీలో మనమే పెట్టాలి. జావాస్క్రిప్ట్‌తో సెషన్ ఐడీ చదవాలని ఎవరో కావాలనే తీసేసి ఉంటే, మార్చాల్సింది ఆ స్క్రిప్ట్‌ని. పేజీలోకి ఒక్క దొంగ స్క్రిప్ట్ దూరినా ఐడీ దాని చేతికి పోతుంది.

లక్షణం: సెక్యూర్ లేదు, కానీ సైటంతా హెచ్‌టీటీపీఎస్సే

"హెచ్‌టీటీపీకి వస్తే 301తో మళ్లిస్తున్నాం కదా" అంటారు. మళ్లించేది రిక్వెస్ట్ వచ్చాక. ఆ మొదటి రిక్వెస్ట్‌తోపాటే కుకీ ఏ గుప్తీకరణా లేకుండా బయల్దేరిపోయింది. అదే వైఫైలో ఉన్నవాళ్లు దాన్ని పట్టుకోవచ్చు. 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ సరిగ్గా ఇదే చేసి చూపించింది. జాంగోలో సెషన్ కుకీకి సెక్యూర్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది, మేనేజ్ డాట్ పీవైతో చెక్ కమాండ్‌ని డిప్లాయ్ ఆప్షన్‌తో నడిపితే అదే హెచ్చరిస్తుంది. ఒక్క లైన్‌తో పోయే పని.

లక్షణం: సెక్యూర్ ఆన్ చేయగానే లాగిన్ ఆగిపోయింది

నన్ను కాల్చింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతారు, పేజీ మళ్లీ లాగిన్‌కే తిరిగొస్తుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు. సెట్-కుకీ హెడరే ఉండదు.

కారణం ఇది. బ్రౌజర్‌కీ ప్రాక్సీకీ (యాప్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే సర్వర్) మధ్య హెచ్‌టీటీపీఎస్ ఉంటుంది. ఆ గుప్తీకరణ ప్రాక్సీ దగ్గరే విడిపోతుంది, అక్కడి నుంచి యాప్ దాకా ఉత్త హెచ్‌టీటీపీ. యాప్ తనకు వచ్చిన కనెక్షన్‌నే చూస్తుంది కాబట్టి ఇది భద్రమైన రిక్వెస్ట్ కాదనుకుంటుంది. నోడ్ జేఎస్ లైబ్రరీ ఎక్స్‌ప్రెస్-సెషన్‌లో సెక్యూర్‌ని ట్రూ పెడితే, అలాంటప్పుడు కుకీ పంపకుండా ఊరుకుంటుంది. ఆటో పెడితే ఇంకా ప్రమాదం: సెక్యూర్ లేకుండానే పంపేస్తుంది, లాగిన్ బాగానే నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. డాట్‌నెట్ కోర్‌లో సేమ్‌యాజ్‌రిక్వెస్ట్ పెట్టినా ఇదే జరుగుతుంది. జాంగో సంగతి వేరు, కుకీ పంపుతుంది. కానీ ఎస్‌ఎస్‌ఎల్ రీడైరెక్ట్ ఆన్‌లో ఉంటే పేజీ అంతులేకుండా తిరుగుతుంది.

ఇక్కడే అందరూ సెక్యూర్‌ని ఫాల్స్ చేసి "తాత్కాలికం" అని కామెంట్ పెడతారు. అలా చేయకండి. ఆ తాత్కాలికం నెలల తరబడి అలాగే ఉండిపోవడం నేను చూశాను.

చేయాల్సినవి రెండు. ప్రాక్సీ ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో అసలు స్కీమ్ (హెచ్‌టీటీపీయా, హెచ్‌టీటీపీఎస్సా అన్నది) రాసి పంపాలి. యాప్ ఆ హెడర్‌ని నమ్మాలి: ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ, జాంగోలో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్.

రెండూ చేశాం, అయినా రావట్లేదంటే ప్రాక్సీలు ఎన్నో లెక్కపెట్టండి. మా దగ్గర మొదట ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ ఒక్కటే ఉండేది, బాగానే నడిచింది. తర్వాత దాని ముందు లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) పెట్టి, సర్టిఫికెట్‌ని దానిమీదికి మార్చారు. బ్యాలెన్సర్ హెడర్‌లో హెచ్‌టీటీపీఎస్ అనే రాసి పంపుతోంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో మాత్రం పాత లైన్ అలాగే ఉంది: హెడర్‌లో తన డాలర్ స్కీమ్ విలువ పెట్టమని. తనకు వచ్చేది ఇప్పుడు హెచ్‌టీటీపీ. కాబట్టి బ్యాలెన్సర్ రాసిన నిజాన్ని చెరిపేసి హెచ్‌టీటీపీ అని రాస్తోంది. యాప్ తప్పు లేదు, బ్యాలెన్సర్ తప్పు లేదు. ఎవరూ ముట్టుకోని పాత లైనే దోషి. దాన్ని కనిపెట్టడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది.

కనిపెట్టే దారి: యాప్‌లో తాత్కాలికంగా ఒక రూట్ పెట్టి, తనకు అందిన ప్రోటోకాల్‌నీ ఆ హెడర్ విలువనీ ప్రింట్ చేయించండి. హెచ్‌టీటీపీ అని వస్తే బయటి నుంచి లోపలికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రండి. గుప్తీకరణ విప్పే చోట హెడర్ రాయాలి, దాని వెనకున్నవి వచ్చినదాన్ని అలాగే అందించాలి.

ఒక జాగ్రత్త. ఈ హెడర్‌ని ఎవరైనా కల్పించి పంపగలరు. లోపలి పోర్టులు బయటి నుంచి నేరుగా అందకూడదు. ట్రస్ట్ ప్రాక్సీకి గుడ్డిగా ట్రూ ఇవ్వకుండా, ఎన్ని ప్రాక్సీలున్నాయో ఆ సంఖ్యో, వాటి అడ్రసులో ఇవ్వండి.

లక్షణం: బయటి సైట్ నుంచి తిరిగొచ్చాక లాగౌట్

పేమెంట్ అయ్యాక గేట్‌వే మన సైట్‌కి పోస్ట్ చేస్తుంది, అప్పుడు సెషన్ ఉండదు. సేమ్‌సైట్ (బయటి సైట్ నుంచి వచ్చే రిక్వెస్టులతో కుకీ వెళ్లాలా వద్దా చెప్పేది) చెప్పని కుకీని 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి లాక్స్‌గా చూడటం మొదలైంది. బయటి పోస్ట్‌కి లాక్స్ కుకీ వెళ్లదు. అయితే సేమ్‌సైట్ రాయని కుకీకి, అది పుట్టిన 2 నిమిషాల దాకా క్రోమ్ మినహాయింపు ఇస్తుంది. అందుకే ఇప్పుడే లాగిన్ అయిన టెస్టర్‌కి పనిచేస్తుంది, అరగంట తిరిగిన యూజర్‌కి పనిచేయదు. సెషన్ కుకీకి సేమ్‌సైట్ నన్ (బయటి రిక్వెస్టులన్నిటితోనూ పంపు) పెట్టేయకండి. సెషన్ అక్కర్లేని రూట్‌లో ఆ పోస్ట్ తీసుకుని, గేట్‌వే సంతకం సరిచూసి, 303తో మన పేజీకి పంపండి. గెట్‌తో జరిగే ఆ ప్రయాణంలో లాక్స్ కుకీ వస్తుంది.

కుకీ 4096 బైట్లు దాటడం, సర్వర్ గడియారం తప్పడం, పాత్ తేడా కూడా ఉంటాయి కానీ అరుదు. డొమైన్ మాత్రం ఖాళీగా వదలండి, రాస్తే సబ్‌డొమైన్లన్నిటికీ కుకీ వెళ్తుంది.

అంతా కుదిరాక సెషన్ స్టోర్ ఖాళీ చేసి అందరినీ మళ్లీ లాగిన్ చేయించండి. ఫ్లాగ్ లేని రోజుల్లో బయటికి పోయిన ఐడీలు ఇంకా చెల్లుతూనే ఉంటాయి. అదే అదనుగా కుకీ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లతో హోస్ట్ ప్రిఫిక్స్, దాని వెంట ఒక హైఫన్ తగిలించండి. ఆ పేరుతో సెక్యూర్ లేని కుకీ వస్తే బ్రౌజర్ తీసుకోదు. రేపు ఎవరైనా ఆ ఫ్లాగ్ తీసేస్తే లాగిన్ ఆ క్షణమే ఆగిపోతుంది, వచ్చే ఏడాది రిపోర్టు దాకా ఆగక్కర్లేదు.