కిట్లతో రోగ నిర్ధారణ – 4వ పాఠం: మలేరియా కిట్‌లో ‘సీ’ గీతను ఎంతవరకు నమ్మాలి?

కిందటి పాఠంలో గర్భ నిర్ధారణ పట్టీని విప్పి చూశాం. ద్రవం పట్టీ వెంట పాకడం, బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు దానితో కొట్టుకొచ్చి గీత దగ్గర చిక్కుకోవడం తెలుసుకున్నారు. మలేరియా కిట్‌లోనూ జరిగేది అదే. కాకపోతే ఇక్కడ మూత్రం బదులు రక్తం వేస్తాం, రెండు జాతుల మలేరియా పరాన్నజీవులను (ఫాల్సిపారం, వైవాక్స్) వేరువేరుగా వెతుకుతాం. శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లకు గానీ, విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట గిరిశిఖర గ్రామాలకు గానీ మైక్రోస్కోపు మోసుకెళ్లడం కుదిరే పని కాదు. ఆశా కార్యకర్త సంచిలో ఈ కిట్లు సులువుగా పడతాయి. (2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట, గుమ్మలక్ష్మీపురం పార్వతీపురం మన్యంలో కలిశాయి. జ్వరానికి ఆ సరిహద్దు తెలీదు కనుక అక్కడివాళ్లకూ పాఠం ఇదే.)

మన ప్రాంతంలో వాడే కిట్ రెండు ప్రొటీన్లను పడుతుంది. ఫాల్సిపారం ఉంటే హెచ్‌ఆర్‌పీ2, వైవాక్స్ ఉంటే పీఎల్‌డీహెచ్. ఇవి ఎర్ర రక్తకణాల లోపల కూడా ఉంటాయి. బఫర్ (కిట్‌తో పాటు సీసాలో వచ్చే ద్రావణం) వేసేది ఆ కణాలను పగలగొట్టి ప్రొటీన్‌ను బయటికి తేవడానికి, పట్టీ మీద పారడానికి. ఒక్క ప్రొటీన్‌నే గుర్తుపట్టే మోనోక్లోనల్ యాంటీబాడీలను 1975లో కోలర్, మిల్‌స్టీన్ తయారుచేసి చూపారు. ఆ పనికే 1984లో నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి లేకపోతే ఈ పట్టీ లేదు.

ఇక చేతిపని. ముందు కిట్ ఉన్న రేకు సంచి మీద గడువు తేదీ చూడండి. సంచికి చిన్న చిల్లు ఉన్నా పక్కన పెట్టేయండి. లోపలి సిలికా పొట్లంలో గింజలు రంగు మారాయంటే తేమ సోకినట్టే. సంచిని రోగి ఎదుట, వేలు గుచ్చే ముందే చించాలి, ఉదయం పది కిట్లు చించి పెట్టుకుని ఊరంతా తిరగకూడదు. వానాకాలం గాలికి పట్టీ మెత్తబడి ద్రవం సరిగ్గా పారదు. ఎడమ చేతి ఉంగరపు వేలి చివర, గోరుకు కొంచెం పక్కగా స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద గుచ్చితే రక్తం బొట్టుగా నిలవక పరుచుకుంటుంది, స్పిరిట్ కూడా కలుస్తుంది. లాన్సెట్ (వేలు గుచ్చే సూది) ఒక్కసారి వాడి సూదుల డబ్బాలో వేయాలి. మొదటి బొట్టు పొడి దూదితో తుడిచి, రెండో బొట్టు తీసుకోండి.

కావలసింది 5 మైక్రోలీటర్లే. కిట్‌లో ఇచ్చిన చిన్న గొట్టం గానీ లూప్ గానీ ఆ కొలత కోసమే. రక్తం ఎక్కువ వేస్తే మంచిదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువైతే పట్టీ మీద గీతలు కనిపించే కిటికీ అంతా ఎర్రగా మిగిలిపోయి, సన్నని గీత ఆ రంగులో కనిపించకుండా పోతుంది. తక్కువైతే రావాల్సిన గీతే రాకపోవచ్చు. రక్తం వేయాల్సిన గుంటలో రక్తం, బఫర్ గుంటలో బఫర్ వేయాలి. బఫర్ సీసాను నిటారుగా పట్టండి, వాల్చితే చుక్క సైజు మారిపోతుంది. ఎన్ని చుక్కలన్నది కంపెనీని బట్టి ఉంటుంది, ఆ పెట్టెలోని కాగితమే చూడాలి. ఒక కంపెనీ బఫర్ ఇంకో కంపెనీ పట్టీకి వాడొద్దు. బఫర్ అయిపోయిందని నీళ్లు వేస్తే వచ్చే ఫలితానికి అర్థం లేదు.

ఇప్పుడు అసలు విషయం. ‘సీ’ గీత (కంట్రోల్ గీత, అంటే పరీక్ష పనిచేసిందో లేదో చెప్పడానికి పెట్టింది) వస్తే పరీక్ష అంతా సవ్యంగా జరిగినట్టేనని శిక్షణల్లో చెబుతుంటారు. అందులో సగమే నిజం. చాలా కిట్లలో ‘సీ’ గీత పట్టేది రోగి రక్తంలోని దేన్నీ కాదు, బంగారు రేణువులకు అంటించిన యాంటీబాడీని. అంటే రక్తం వేయడం మరిచిపోయి బఫర్ ఒక్కటే వేసినా ‘సీ’ గీత ఠంచనుగా వస్తుంది! ద్రవం చివరిదాకా పారిందని, రేణువులు కదిలాయని మాత్రమే అది చెబుతుంది. రక్తం చాలినంత పడిందా, మే నెల ఎండలో బండి డిక్కీలో ఉడికిన కిట్‌లో ‘పీఎఫ్’ (ఫాల్సిపారం), ‘పీవీ’ (వైవాక్స్) గీతల యాంటీబాడీలు పాడవకుండా ఉన్నాయా అన్నవి దానికి తెలియవు. అందుకే నిల్వను అంతగా పట్టించుకోవాలి. పెట్టె మీద రాసిన గరిష్ఠ ఉష్ణోగ్రత చాలా కిట్లకు 30 లేదా 40 డిగ్రీలు. రేకు పైకప్పు కింద, కిటికీ పక్కన పెట్టొద్దు. గడ్డకట్టే చల్లదనం కూడా పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసినదైతే గది వేడికి వచ్చాకే సంచి చించాలి.

‘సీ’ రాకపోతే మాత్రం మిగతా గీతలు ఎంత ముదురుగా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు, కొత్త కిట్‌తో మళ్లీ చేయాలి.

చదివే సమయం సాధారణంగా 15 నుంచి 20 నిమిషాలు, కచ్చితమైనది కాగితంలో ఉంటుంది. గడియారం పెట్టుకోండి. మరీ ఆలస్యంగా చూస్తే, ఆరిపోయిన పట్టీ మీద లేని గీత ఉన్నట్టు మసగ్గా తేలవచ్చు. సమయంలోపల వచ్చిన గీత ఎంత సన్నదైనా అది పాజిటివే.

నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకండి. మైక్రోలీటరు రక్తంలో 100–200 పరాన్నజీవులకన్నా తక్కువ ఉంటే కిట్ పట్టలేకపోవచ్చు. చలి జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చేయండి, స్లైడు (మైక్రోస్కోపులో చూడటానికి గాజు పలక మీద పూసిన రక్తం) కూడా తీసి పీహెచ్‌సీకి పంపండి. హెచ్‌ఆర్‌పీ2 జన్యువే లేని ఫాల్సిపారంను 2010లో పెరూలో గుర్తించారు, ఆ తర్వాత ఇంకొన్ని దేశాల్లోనూ దొరికింది. అలాంటిదాన్ని ‘పీఎఫ్’ గీత పట్టలేదు, స్లైడు పడుతుంది. ఇక మందు వేసి నయమయ్యాక కూడా హెచ్‌ఆర్‌పీ2 రక్తంలో రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకు మించి తిరుగుతుంది. కనుక తగ్గిందా లేదా అని ‘పీఎఫ్’ గీతతో తేల్చకూడదు.

మందు గురించి ఇక్కడ క్లుప్తంగానే. వైవాక్స్‌కు క్లోరోక్విన్ 3 రోజులు, కాలేయంలో దాగినవాటికి ప్రైమాక్విన్ 14 రోజులు. ఫాల్సిపారంకు ఏసీటీ (ఆర్టెమిసినిన్ రకం మందుతో ఇంకో మందు కలిపినది) 3 రోజులు, రెండో రోజు ప్రైమాక్విన్ ఒకే మోతాదు. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు దానివల్ల రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లబడితే వెంటనే ఆపి డాక్టరుకు చూపాలి. స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా, తాగినదంతా కక్కుతున్నా మాత్రల కోసం ఆగకుండా ఆసుపత్రికి పంపండి.

అభ్యాసం: గడువు దాటిన రెండు కిట్లు సంపాదించండి. ఒకదానిలో రక్తం వేయకుండా బఫర్ మాత్రమే, రెండోదానిలో గొట్టంతో ఎర్ర రంగు నీళ్లు 5 మైక్రోలీటర్లు తీసి వేసి, తర్వాత బఫర్ వేయండి. 20 నిమిషాలకు రెండింటిలో ఏ గీతలు వచ్చాయో బొమ్మ గీసుకోండి. వచ్చే పాఠంలో డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష మొదలుపెడతాం, ఆ బొమ్మ అక్కడ పనికొస్తుంది.