బ్యాటరీ పని చేసేటోళ్లు లివర్ కోసం ఏం తినాలె, ఏం ముట్టొద్దు

మా బావ నల్గొండల బ్యాటరీ రిపేర్ షాపుల పనిచేస్తడు, సీసం ప్లేట్లు ఒట్టి చేతులతోనే పడుతడు. మొన్న ఇంటికొచ్చి లివర్‌కు మంచిదట అని రోజూ నేల ఉసిరి కషాయం తాగుతున్న అన్నడు. ముందుగాల చేతులు సబ్బుతోని కడుక్కొని అన్నం తిను బావా, తర్వాత కషాయం సంగతి చూద్దం అన్న.

ఎందుకంటే చేతులకంటిన సీసం అన్నంతోని కడుపులకు పోతది. లివర్ల గ్లుటాథయోన్ అని ఉంటది, విషాన్ని పట్టి బయటికి పంపే పని దానిదే, సీసం కాడ్మియం అసొంటి విష లోహాలు పోయి దానికే అతుక్కుంటయి, అది తగ్గిపోతే కణాలు దెబ్బతినుడు మొదలైతది. ఉల్లిగడ్డల క్వెర్సెటిన్, పసుపుల కర్క్యుమిన్, ఉసిరికాయ ఇవన్నీ ఆ దెబ్బను తగ్గిస్తయని చూసింది ఎక్కువ ఎలుకల మీదనే. ఎల్లిగడ్డ మీద మాత్రం ఇరాన్ల కార్ బ్యాటరీల కంపెనీ వర్కర్లకే 4 వారాలు ఇచ్చి చూసిన్రు, రక్తంల సీసం తగ్గింది.

అందుకే నేనైతే ఇట్ల చెప్త. ఎల్లిగడ్డ దంచి ఓ 10 నిమిషాలు పక్కకు పెట్టి అప్పుడు పోపుల వెయ్యాలె, దంచంగనే వేడి నూనెల వేస్తే అందుల పనిచేసే అల్లిసిన్ అనేది సరిగ తయారు కాదు. ఉసిరికాయ దొరికిన కాలంల పచ్చిదే తినుండ్రి, లేకుంటే మన బత్తాయి ఉండనే ఉంది. పరిగడుపున పనికి పోవద్దు, ఖాళీ కడుపుల సీసం ఎక్కువ ఇంకుతది, ఒంట్ల ఐరన్ కాల్షియం తక్కువున్నా అంతే, కాబట్టి మునగాకు పప్పుల నిమ్మకాయ పిండుకొని తినాలె, పెరుగు, రాగి జావ కూడా. తినంగనే చాయ్ తాగితే ఆ ఐరన్ సగం దండగ.

ఇగ ముట్టొద్దన్నయి. మిరియాల సారం కలిపిన పసుపు గోలీలు తిని లివర్ చెడగొట్టుకున్నోళ్లు ఉన్నరు, తిప్పతీగతోని కూడా అయింది. భస్మాలల్ల పాదరసం, సీసమే ఉండొచ్చు, అది తెల్వక లివర్ మందని మింగుతరు! లూజు పసుపు మరీ మెరిసేటట్టుంటే లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలిపిన్రేమో, కొమ్ములు కొని గిర్నిల పట్టించుకోండ్రి. బీడీ పొగల కాడ్మియం ఉంటది, అది ఒంట్ల చేరితే 10 నుంచి 30 ఏండ్లకు గానీ సగం పోదు.



లివర్ పనితనం చూసే ఎల్ఎఫ్‌టీ టెస్ట్ నార్మల్ వచ్చిందని సీసం లేదనుకోవద్దు, బ్లడ్ లెడ్ టెస్ట్ వేరే అడిగి చేయించాలె. డెసిలీటర్‌కు 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడ్నుంచి వస్తుందో పట్టుకొని ఆపాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. మరీ ఎక్కువుంటే సీసాన్ని గుంజే మందులు డాక్టరే ఇయ్యాలె, ఇంట్ల వైద్యం పనికిరాదు. బావ టెస్ట్‌కు ఒప్పుకున్నడు, గ్లౌజులు కూడా కొన్నడు, సీసం అంటిన పని బట్టలు మాత్రం ఉతకనీకి ఇంకా పిల్లల బట్టలల్లనే వేస్తుండు, అక్కతోని రోజూ లొల్లే.