బ్రాంచీలను హెడ్డాఫీసుతో కలిపే టన్నెల్ తెగకుండా ఉండాలంటే

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు; ఖమ్మం, నల్లగొండ, ఒంగోలు లాంటి ఊళ్లలో ఐదారు బ్రాంచీలు, ఒక్కోచోట పది లోపు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. ఇంతమాత్రానికి లీజ్డ్ లైను (మనకొక్కరికే అద్దెకిచ్చే ప్రత్యేక లైను) అక్కర్లేదు. ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ గుండా రెండు ఆఫీసులను కలిపే రహస్య దారి) చాలు. మైక్రోటిక్ కంపెనీ రూటర్లయితే వాటి సాఫ్ట్‌వేర్ రూటర్ ఓఎస్ 7లో అది ముందే ఉంటుంది. రెండు వైపుల పబ్లిక్ కీలు ఒకదానికొకటి ఇచ్చి టన్నెల్ లేపడానికి అరగంట పట్టదు. కరెంటు పోయినా, కేబుల్ తెగినా పని ఆగకూడదంటే మాత్రం కింది ఏర్పాట్లన్నీ ఉండాలి.

ముందు కాగితం మీద ఐపీలు పంచండి. హెడ్డాఫీసుకు 10.10.0.0/16 (10.10తో మొదలయ్యేవన్నీ), బ్రాంచీలకు వరసగా 10.20.1.0/24 (10.20.1తో మొదలయ్యేవి), 10.20.2.0/24... కంపెనీవాళ్లు బిగించిన డబ్బాలో వచ్చిన 192.168.1.0ను అలాగే వదిలేస్తే రెండు బ్రాంచీలకు ఒకే అడ్రసు పడుతుంది, జవాబు ఏ ఊరికి పంపాలో హెడ్డాఫీసు రూటర్‌కు తెలియదు. ఈ పని తర్వాత చూద్దాంలే అంటే ప్రింటర్లతో సహా అన్నీ మళ్లీ మార్చుకోవాలి.

స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) హెడ్డాఫీసుకు కావాలి, బ్రాంచీకి అవసరం లేదు. బ్రాంచీ రూటర్ వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీ-నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు. బయటినుంచి దాన్ని పిలవలేం. కాబట్టి పిలుపు ఎప్పుడూ బ్రాంచీ నుంచే వెళ్లాలి. బ్రాంచీ వైపు కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచడానికి ఆగాగి పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెడితే నాట్ దారి మూసుకుపోదు. హెడ్డాఫీసు ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 51820, 51821 (రెండు టన్నెళ్లకు చెరొకటి) తెరవండి. అక్కడ ప్లాన్ తీసుకునేటప్పుడు అప్‌లోడ్ వేగం చూడండి: హెడ్డాఫీసు అప్‌లోడే బ్రాంచీలన్నిటికీ డౌన్‌లోడ్.

రెండో లైను లేకుండా ఎంత ఖరీదైన రూటర్ కొన్నా దండగే. అలాగని రెండు కంపెనీల ఫైబర్ తీసుకుంటే రెండూ ఒకే కరెంటు స్తంభం మీంచి వస్తుంటాయి, లారీ తగిలితే రెండూ పోతాయి. ఒకటి ఫైబర్, రెండోది 4జీ సిమ్ మేలు. హెడ్డాఫీసులో మాత్రం రెండు స్టాటిక్ ఐపీలు, రెండు వేర్వేరు కంపెనీలవి కావాలి.

ఒక్కో లైనుకు ఒక్కో టన్నెల్, ఒక్కో ఇంటర్‌ఫేస్, ఒక్కో పోర్టు. ఒకే ఇంటర్‌ఫేస్‌లో ఒకే అడ్రసుల వరసను ఇద్దరు పీర్లకు (టన్నెల్ అవతలి చివరలకు) ఇవ్వడానికి వైర్‌గార్డ్ ఒప్పుకోదు. బ్రాంచీలో హెడ్డాఫీసు మొదటి ఐపీకి దారి ఫైబర్ మీంచి, రెండో ఐపీకి దారి సిమ్ మీంచి విడివిడిగా రాయండి. హెడ్డాఫీసులో ఏ లైను మీద వచ్చిన ప్యాకెట్‌కు ఆ లైను మీదే జవాబు వెళ్లేలా రూటింగ్ రూల్ పెట్టాలి. ఇది మర్చిపోతే రెండో టన్నెల్ ఎప్పటికీ లేవదు.

అవతలి వైపు చచ్చిపోయినా వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ‘రన్నింగ్’ అనే చూపిస్తుంది. అందుకే బ్రాంచీలో 10.10.0.0/16కు, హెడ్డాఫీసులో ఆ బ్రాంచీ అడ్రసులకు రెండేసి రూట్లు వేసి (డిస్టెన్స్ 1, 2; చిన్న అంకెదే ముందు వంతు), గేట్‌వేగా అవతలి టన్నెల్ ఐపీ ఇచ్చి, రెండు చివర్లలోనూ చెక్ గేట్‌వే పింగ్ (అవతలి వైపు పలుకుతోందో లేదో చూసే ప్యాకెట్) పెట్టండి. పది సెకన్లకొక పింగ్, రెండు తప్పితే రూట్ మారుతుంది. యూట్యూబ్, బ్రౌజింగ్ లాంటివన్నీ బ్రాంచీ సొంత లైను మీదే పోనివ్వండి.

పింగ్ వస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో నల్ల తెర దాటదు, ఫైల్ కాపీ మధ్యలో ఆగుతుంది. ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు, బైట్లలో) జబ్బు. మామూలు లైనులో 1500లోంచి వైర్‌గార్డ్ వాడుకునే 80 పోగా 1420. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైనులో 1492 కాబట్టి 1412 పెట్టండి, టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ప్యాకెట్‌లో హెడర్లు పోగా పట్టే డేటాను) 1372కి కుదించండి. సిమ్ మీద ఇంకా తగ్గించాల్సి రావచ్చు. ముక్కలు కాకుండా 1384 బైట్ల పింగ్ (హెడర్లు 28 కలిపితే 1412) దాటితే 1412 సరైనదే.

కరెంటు పోయి వచ్చాక టన్నెల్ లేవకపోతే గడియారం చూడండి. చిన్న రూటర్లలో బ్యాటరీ ఉండదు, రీబూట్‌తో టైమ్ వెనక్కి పోతుంది. పాత టైమ్‌తో వచ్చిన హ్యాండ్‌షేక్‌ను (టన్నెల్ మొదలుపెట్టే పలకరింపును) హెడ్డాఫీసు తోసిపుచ్చుతుంది. ఎన్‌టీపీని (గడియారం సరిచేసే సేవను) టన్నెల్ గుండా కాక నేరుగా ఇంటర్నెట్ నుంచి తీసుకునేలా పెట్టండి. ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే కంపెనీ డబ్బాకు), రూటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అడాప్టర్ మీద వోల్టులు చదివి కొనండి. ఓఎన్‌టీకి సాధారణంగా 12, మైక్రోటిక్ అడాప్టర్ చాలాసార్లు 24.

టన్నెల్ బాగుండి సర్వర్ ఒక్కటే పలకకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ను అనుమానించండి. ఫైల్ షేరింగ్ రూల్స్ చాలాసార్లు సొంత సబ్‌నెట్‌కే పరిమితమై ఉంటాయి, 10.20.0.0/16ను చేర్చాలి. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్‌ను మాత్రం టన్నెల్ మీద నేరుగా తెరవద్దు. నత్తనడకే కాదు, మధ్యలో లైను తెగితే డేటా పాడయ్యే ప్రమాదమూ ఉంది. హెడ్డాఫీసు సర్వర్ మీద రిమోట్ డెస్క్‌టాప్‌లో నడపండి.

అప్పగించే ముందు ఆగని పింగ్ పెట్టి, ఓఎన్‌టీ వెనక ఫైబర్ పీకండి. రూటర్‌కు వచ్చే లాన్ కేబుల్ పీకితే పరీక్ష కాదు, ఎందుకంటే లింక్ పడిపోయిందని రూటర్‌కు వెంటనే తెలిసిపోతుంది. నిజం కోతల్లో లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది. 20 నుంచి 30 సెకన్లలో పింగ్ తిరిగి రావాలి. నెలకోసారి ఇదే చేయండి, సిమ్ రీచార్జి గడువు కూడా అదే రోజు చూసుకోండి.