చెన్నై తిరగడానికి బయల్దేరే ముందు

– శుక్రవారం పెట్టుకోకండి, ఎగ్మోర్ మ్యూజియంకి ఆ రోజే సెలవు.

– సెంట్రల్‌లో దిగగానే ఆటోవాళ్ళు చుట్టుముడతారు, బేరం జోలికెళ్ళకుండా కిందికి దిగి మెట్రో ఎక్కేయండి, ఎయిర్‌పోర్ట్ దాకా అదే పోతుంది, ఇంకా చవగ్గా కావాలంటే రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి మాంబళంలో దిగితే షాపింగ్‌కి వెళ్ళే టీ నగర్ నడిచిపోయే దూరమే, చేతిలో డబ్బులుంటే మాత్రం హాయిగా ఏసీ క్యాబ్ పెట్టుకోండి, ట్రాఫిక్ ఎటూ తప్పదనుకోండి.

– మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే ఆ రాళ్ళ మీద వట్టి కాళ్ళతో గంతులే, మా అత్తయ్య తడి తువ్వాలు పరుచుకుంటూ నడిచింది పాపం!

– సిటీ బస్సుకి చిల్లర. 500 నోటు తీస్తే కండక్టర్ చూసే చూపు తట్టుకోలేరు.

– మెరీనాలో కాళ్ళు తడుపుకోండి చాలు, లోపలికి లాగేస్తుంది.