జపాన్ స్కిన్‌కేర్, మేకప్ ప్యాక్ చదివి సరైనది కొనడం ఎలా?

టోక్యోలో ఉంటున్నందుకు, ఇంటి దగ్గర్నుంచి ఎవరొచ్చినా నన్ను డ్రగ్‌స్టోర్‌కి తీసుకెళ్లమంటారు. వాళ్లు చేసే పొరపాటు కూడా ఎప్పుడూ ఒక్కటే. యూట్యూబ్‌లో చూసిన సీసా రంగు గుర్తుపెట్టుకుని వస్తారు, షెల్ఫ్ మీద ఆ రంగు కనబడగానే నాలుగు తీసి బుట్టలో వేస్తారు, తీరా గదికెళ్లి విప్పాక అందులో ఒకటి ఫేస్‌వాష్, ఒకటి జిడ్డు చర్మానికి అస్సలు పడనిది, ఇంకోటి సీసానే కాదు, రీఫిల్ సంచి. డబ్బు పోతే పోయింది, నా బాధ ఏంటంటే అంత మంచి సరుకు తప్పు చర్మం మీదకెళ్లి "జపాన్‌వి మనకి పడవు" అనే పేరు తెచ్చుకుంటుంది. అందుకే ఇది రాస్తున్నా. జపనీస్ రానక్కర్లేదు. నాలుగైదు అక్షరాల రూపం గుర్తుపడితే చాలు.

కావలసినవి

ఫోను, ఒక పర్మనెంట్ మార్కర్. అంతే.

మొదట షాపు

మాత్సుమోతో కియోషి, వెల్సియా, సన్‌డ్రగ్, ఏదైనా ఒకటే. స్టేషన్ పక్కన, జనం బాగా తిరిగే బ్రాంచికే వెళ్లండి, దానికి కారణం కింద తేదీల దగ్గర చెప్తాను. ధర చీటీ మీద రెండు ధరలుంటే ఎక్కువ ధరే మీరు కట్టేది (అచ్చు సైజు కాదు, ధర చూడండి), అందులో 10 శాతం వినియోగపు పన్ను కలిసి ఉంటుంది. టెస్టర్ ఉంటే చేతి వెనక రాసుకుని పది నిమిషాలు అలా షాపులో తిరిగి రండి. కొనాల్సింది అప్పుడే.

"నంబర్ వన్" అని మెరిసే స్టిక్కర్లని పట్టించుకోకండి. అవి అబద్ధం కాదు, కానీ ఏ సంవత్సరానికి, ఏ విభాగంలో వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నంబర్ వన్ చేసినవాళ్లలో ఎక్కువమంది జపాన్ వాతావరణంలో, జపాన్ చర్మంతో ఉన్నవాళ్లు.

అసలు కష్టం: ఒకేలా ఉన్న అయిదు సీసాల్లో మీది ఏది?

ఇక్కడే అందరూ బోల్తా పడతారు, అందుకే నెమ్మదిగా చదవండి.

జపాన్ కంపెనీలు ఒక లైన్ మొత్తానికి ఒకే ఆకారం, ఒకే అక్షరాల తీరు, చాలాసార్లు ఒకే రంగు వాడతాయి. రోహ్తో కంపెనీ హదా లాబోనే చూడండి. గొకుజున్ అనే పేరు కిందే మామూలు లోషన్, తేలిక రకం, బంగారు రంగు ప్రీమియం, మిల్క్, ఫేస్‌వాష్ అన్నీ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. సోయాతో చేసే నమెరాక హొన్పో లైన్ కూడా అంతే. కాబట్టి రంగు చెప్పేది లైన్ పేరు మాత్రమే. లోపలేముందో చెప్పేది చిన్న అక్షరాలు.

సీసా తిప్పి వెనక వైపు పెట్టండి. దాదాపు ప్రతిదాని మీదా అది ఏ రకమో రెండు మూడు అక్షరాల్లో రాసి ఉంటుంది, చాలాసార్లు కోణం గుర్తుల మధ్య. ఆ మాటలో చివరి అక్షరం చూడండి. నడిమిన నిలువు గీత, దాని అడుగున చిన్న కొక్కెం, రెండు వైపులా చేతులు చాపినట్టు గీతలు ఉంటే అది నీళ్లు అనే అక్షరం. మూడక్షరాల మాట ఆ అక్షరంతో ముగిస్తే అది కెషోసుయి. షాపులో లోషన్ అంటే ఇదే, నీళ్లలా పల్చగా ఉంటుంది, మనం చలికాలం కాళ్లకి రాసుకునే తెల్లటి లోషన్‌లా ఉండదు. ముఖం కడిగిన వెంటనే రాసేది ఇదే.

చివరి అక్షరానికి ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి మూడు చుక్కలు ఉన్నాయనుకోండి, అప్పుడు మాటలో మొత్తం ఎన్ని అక్షరాలో లెక్కపెట్టాలి. మూడుంటే బియోఎకి, అంటే సీరమ్. రెండే ఉంటే న్యూఎకి, అంటే లోషన్ తర్వాత రాసే పాలలాంటిది. ఇప్పుడు జాగ్రత్త: రెండక్షరాల మాటే, కానీ మూడు చుక్కలు చివరి అక్షరానికి కాకుండా *మొదటి* అక్షరానికి ఉంటే అది సెంగన్, ఫేస్‌వాష్! ఒకే లైన్‌లో, ఒకే రంగు సంచుల్లో ఈ రెండూ పక్కపక్కన ఉంటాయి. రాత్రి రాసుకుని పడుకుందామని ఫేస్‌వాష్ కొనుక్కెళ్లినవాళ్లు నాకు తెలుసు, ముఖమంతా మంట పుట్టి పొద్దున్నే ఫోన్ చేశారు. చుక్కలు మొదట ఉంటే కడుక్కోవడానికి, చివర ఉంటే రాసుకోవడానికి.

ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ముందు వైపున్న వంకర టింకర అలంకారపు అక్షరాల్ని యాప్ ఇష్టమొచ్చినట్టు చదువుతుంది, గుండ్రటి సీసా మీద సగం మాటే పట్టుకుంటుంది, షాపు లైట్ల మెరుపుకి ఇంకా గందరగోళం. ఈ మూడు చుక్కల పద్ధతి నేర్చుకున్నవాళ్లు ఒక్క చూపులో వరస మొత్తం చదివేస్తారు. యాప్‌ని వెనక ఉన్న జాగ్రత్తలు చదవడానికి వాడుకోండి, అక్కడ అచ్చు సాఫీగా ఉంటుంది.

రకం తేలింది. ఇప్పుడు అదే రకంలో చిక్కదనం. ముందు వైపు కింద చిన్నగా నాలుగక్షరాల మాట ఒకటి ఉంటుంది. సప్పరి అంటే తేలికగా, జిడ్డు లేకుండా ఉండేది. షిత్తొరి అంటే తడి పట్టి ఉంచేది, చిక్కనిది. రెండూ ఒకే అక్షరంతో ముగుస్తాయి కాబట్టి మొదటి అక్షరమే చూడాలి. షిత్తొరి మొదటి అక్షరం అచ్చం చేపల గాలం కొక్కెంలా ఉంటుంది. కొక్కెం కనబడితే చిక్కనిది. షిసేదో వాళ్ల ఎలిక్సిర్ లాంటి లైన్లలో దీని బదులు రోమన్ అంకెలు వేస్తారు, ఒకటి తేలిక, రెండు మధ్యస్థం, మూడు బాగా చిక్కన.

టోక్యోలో చలికాలం గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదాలు, వేళ్లు పగిలిపోతాయి. షిత్తొరి రకం ఆ గాలికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే సీసాని మే నెలలో విశాఖకో విజయవాడకో తీసుకెళ్తే ముఖం జిగురు జిగురుగా ఉందని మూలన పడేస్తారు. కోస్తాకి తీసుకెళ్లేవాళ్లు సప్పరియే కొనాలి, పొడి చర్మం అని చెప్పినా సరే, పైన కొంచెం న్యూఎకి రాసుకుంటే సరిపోతుంది. హైదరాబాద్‌కైతే చలికాలానికి షిత్తొరి పనికొస్తుంది. మా మరదలు వీడియో కాల్‌లో "వదినా, రివ్యూల్లో అందరూ బాగా చిక్కటిదే మంచిదంటున్నారు కదా" అంటే ఆ రివ్యూలు ఏ నెలలో, ఏ ఊళ్లో రాశారో చూడమన్నాను. తేలికది తీసుకుంది, ఇప్పుడు అదే మళ్లీ పంపమంటోంది.

ఇంకొక్క అక్షరం గుర్తుపెట్టుకోండి. అడుగున వరసగా నాలుగు చుక్కలున్న అక్షరం ఒక మాట ముందు వస్తే "లేదు" అని అర్థం. ముకోర్యో అంటే సువాసన కలపలేదు, ముచకుషొకు అంటే రంగు కలపలేదు. త్వరగా కందిపోయే చర్మమైతే ఈ రెండూ ఉన్నవే తీసుకోండి. ముతెంక, అంటే ఏమీ కలపనిది అని పెద్దగా రాసి ఉంటే మాత్రం ఏది కలపలేదో పక్కన చదవాలి, ఆ ఒక్క మాట చూసి నమ్మకూడదు.

యకుయో, బిహకు

కొన్ని సీసాల మీద ఇయకు బుగైహిన్ అని ఉంటుంది, అంటే మామూలు కాస్మెటిక్‌కీ మందుకీ మధ్యలో ప్రభుత్వం పెట్టిన తరగతి. ముందు వైపు యకుయో అని కూడా వేస్తారు. వీటిలో పనిచేసే పదార్థం పేరు విడిగా రాస్తారు, ట్రానెక్సామిక్ యాసిడ్, ఆర్బుటిన్, విటమిన్ సి రకాలు, ఇలా.

బిహకు (అక్షరాలా చూస్తే అందమైన తెలుపు) అనే మాట దగ్గరే మనవాళ్లు మోసపోతారు. దాన్ని తెల్లబడే క్రీమ్ అనుకుని అమ్మాయి పెళ్లికని మూడు నాలుగు కొంటారు. అక్కడి నిబంధనల ప్రకారం అది చెప్పుకోగలిగేది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అణచి మచ్చలు రాకుండా ఆపుతుందని, అంతవరకే. పుట్టుకతో వచ్చిన రంగు మారదు, మారాల్సిన అవసరమూ లేదు. కావో కంపెనీ 2021లో ఈ మాటని తన ఉత్పత్తుల మీద వాడటం మానేస్తానని ప్రకటించింది. అంతకుముందు 2013 జులైలో కనెబో, రొడొడెనాల్ అనే పదార్థం ఉన్న బిహకు ఉత్పత్తుల్ని వాడినవాళ్లకి తెల్ల మచ్చలు వస్తున్నాయని వెనక్కి తీసుకుంది. పెద్ద కంపెనీ సరుకే అది. అందుకే కొత్తది ఏదైనా ముందు చెవి వెనక కొద్ది రోజులు రాసి చూడాలి.

సన్‌స్క్రీన్

ఇది తేలిక. హియకెదోమె అంటారు. ఎండకి కందకుండా కాపాడే బలం చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 50 దాటితే జపాన్‌లో 50+ అనే వేస్తారు, యూవీఏ కిరణాల నుంచి రక్షణ చెప్పే పీఏ పక్కన ప్లస్‌లు గరిష్ఠంగా నాలుగు, ఆ నాలుగో ప్లస్ 2013లో వచ్చింది. 2022 డిసెంబర్ నుంచి నీటికి ఎంత ఆగుతుందో నక్షత్రం గుర్తుల్లో చూపిస్తున్నారు: ఒక నక్షత్రమైతే 40 నిమిషాలు, రెండైతే 80 నిమిషాల నీటి పరీక్షకి నిలిచిందని. మనలా చెమట పట్టేవాళ్లు రెండు నక్షత్రాలే తీసుకోవాలి. అనెస్సా మిల్క్ లాంటివి వాడే ముందు సీసా బాగా ఊపాలి, లోపల చిన్న గుండు కదులుతున్న చప్పుడు వస్తుంది. టోన్ అప్ (ముఖాన్ని తెల్లగా చూపించేది) అని ఉంటే వదిలేయండి, మన చామనఛాయ మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది.

మేకప్

డ్రగ్‌స్టోర్ ఫౌండేషన్లలో మనకి సరిపోయే ముదురు షేడ్లు తక్కువ. ఓకర్ 10, 20, 30 అని వేస్తే అంకె పెరిగేకొద్దీ ముదురు, 30 కూడా చాలామందికి లేత రంగే. ఫౌండేషన్ కోసం టైం పాడుచేసుకోకుండా మస్కారా, ఐలైనర్, లిప్ టింట్, బ్లష్ మీద పెట్టండి. పెద్ద కళ్ల రాకుమారి బొమ్మతో ఉండే హీరోయిన్ మేక్ మస్కారా ఇసెహాన్ వాళ్లది. 1825 నుంచి ఉన్న సంస్థ అది, కుసుమ పూల నుంచి తీసే ఎర్రటి పెదాల రంగు బెని ఇప్పటికీ తయారవుతోంది. ఆ బొమ్మ చూసి పిల్లల సరుకనుకుని వదిలేయకండి. అయితే గోరువెచ్చటి నీళ్లతో పోయేదా, రిమూవర్ కావాలా అని వెనక చూసి కొనండి. రిమూవర్ కావాల్సిన దాన్ని సబ్బుతో రుద్దితే రెప్పల వెంట్రుకలు ఊడతాయి.

తేదీ ఎక్కడా?

సీసా అటూ ఇటూ తిప్పి "ఎక్స్‌పైరీ లేదు, పాత సరుకు అంటగడుతున్నారు" అని టెన్షన్ పడతారు. తెరవకుండా మూడేళ్లకి మించి పాడవకుండా నిలిచే కాస్మెటిక్‌కి జపాన్‌లో గడువు తేదీ వేయాల్సిన అవసరం లేదు. అడుగున ఉండేది లాట్ నంబర్, అంటే ఏ విడతలో తయారైందో చెప్పేది. ఫాంకెల్ లాంటి కొన్ని కంపెనీలు మాత్రం తయారీ తేదీ వేసి చిన్న సీసాల్లో సీల్ చేసి ఇస్తాయి. మిగతావాటికి తేదీ ఉండదు కాబట్టే సరుకు వేగంగా కదిలే షాపుకి వెళ్లమన్నాను. ఇంటికొచ్చి మూత తీసిన రోజే మార్కర్‌తో సీసా అడుగున తేదీ రాయండి. ఆరు నెలల్లో అయిపోవాలి. పోయిన ఎండాకాలం తెరిచిన సన్‌స్క్రీన్ ఈ ఎండాకాలానికి వాడకూడదు.

అదే ఇండియాలో కొంటున్నట్టయితే మాత్రం దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ తప్పకుండా ఉండాలి. లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

రీఫిల్ సంచి

త్సుమెకాయె అంటారు. మొదటిసారి కొనేవాళ్లు సీసానే కొనాలి, రెండోసారికి సంచి. ఎక్కువ ఉంటుందనుకోకండి, గొకుజున్ లోషన్ సీసాలోనూ సంచిలోనూ 170 మిల్లీలీటర్లే, తేడా ధరలో. 170 మిల్లీలీటర్లది విమానం హ్యాండ్ బ్యాగులో పోనివ్వరు, జిప్ కవర్‌లో పెట్టి చెక్ ఇన్ లగేజీలో వేయండి, మధ్యలో బట్టలు చుట్టండి.

నింపేటప్పుడు పాత సీసా పూర్తిగా ఖాళీ అవ్వాలి. అదే ఉత్పత్తి, అదే రకం. సప్పరి సీసాలో షిత్తొరి పోయకూడదు. చాలామంది శుభ్రం అనుకుని కుళాయి నీళ్లతో కడిగి, తడి ఉండగానే పోసేస్తారు, ఆ కాస్త నీళ్లే లోషన్‌ని పాడుచేస్తాయి. కడక్కపోయినా ఫర్వాలేదు, కడిగితే మాత్రం లోపల ఒక్క బొట్టు కూడా లేకుండా ఆరాకే పోయండి. సంచి మూలన గుర్తు ఉన్నచోటే చింపి, మొత్తం ఒకేసారి పోసి మూత పెట్టండి. సగం పోసి సంచికి రబ్బరు బ్యాండు వేసి ఫ్రిజ్‌లో పెట్టే పని పెట్టుకోకండి. సంచి పారేసే ముందు దాని మీది లాట్ నంబర్ ఫోటో తీసుకోండి, ఏదైనా తేడా వస్తే కంపెనీవాళ్లు అడిగేది అదే, సీసా కింద ఉన్నది పాతది కదా.