ట్యూబులో ఏమీ రాలేదా? ఇంటి బయాలజీ గదిలో సమస్యలు - పరిష్కారాలు

పర్లాకిమిడిలో మా ఇంటి వెనక గదికి ఆదివారం ఆదివారం ఆరేడుగురు పిల్లలు వస్తారు. వీళ్లకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్రయోగాల మాటలేమో ఇంగ్లీషు. ఇంట్లో బయాలజీ చేసుకునే వాళ్లు కొందరు 2008లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో డీఐవై బయో పేరుతో ఒక జట్టుగా చేరారు. 2010లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మామూలు జనం వెళ్లి పని చేసుకునే జెన్‌స్పేస్ ల్యాబు తెరిచారు. వాళ్ల పద్ధతులు మంచివే. కానీ మన కరెంటుకీ, మన బోరు నీళ్లకీ, మన మే నెల ఎండకీ అవి రాసినవి కావు. మా గదిలో ఏం తప్పిందో, ఎలా సరి చేసుకున్నామో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక అలవాటు చేసుకోండి. ఏ ప్రయోగం చేసినా పక్కన ఒక ఉత్త ట్యూబు పెట్టండి. అందులో అన్నీ ఉండాలి, మీరు వెతుకుతున్నది మాత్రం ఉండకూడదు. పుస్తకాల్లో దీన్ని కంట్రోల్ అంటారు. మా పిల్లలకి అది ఉత్త ట్యూబే. తప్పు ఎక్కడుందో చెప్పేది అదే.

అరటిపండు నుంచి డీఎన్ఏ దారాలు రాలేదు

నలిపిన పండు రసంలో సబ్బూ ఉప్పూ కలిపి, పైన చల్లటి స్పిరిట్ (ఆల్కహాల్) పోస్తే డీఎన్ఏ తెల్లటి దారాలుగా తేలాలి. రాలేదంటే చాలాసార్లు తప్పు స్పిరిట్‌దే. చేతులకి రాసుకునే జెల్ శానిటైజర్ పోస్తే పని జరగదు. అందులో ముందే నీళ్లు ఉంటాయి, పండు రసంలో కలిశాక ఇంకా పలచబడుతుంది. డీఎన్ఏ విడిపోవాలంటే ఆల్కహాల్ ఎక్కువ శాతం ఉండాలి. మెడికల్ షాపులో గానీ ల్యాబు సామాన్ల షాపులో గానీ చిక్కటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. మూత గట్టిగా బిగించి ఐసు ముక్కల గిన్నెలో గంటసేపు ఉంచండి. ట్యూబు వంచి, గోడ వెంట సన్నగా జారేలా పోయండి. పైన పొరలా నిలవాలి, కిందిదానితో కలిసిపోకూడదు. దగ్గరలో స్టవ్ వెలిగించి ఉండకూడదు.

రెండో కారణం మిక్సీ. మిక్సీలో తిప్పితే దారాలు ముక్కలైపోతాయి. పండుని కవర్లో వేసి చేత్తో నలిపితే చాలు.

తెల్లగా బోలెడు వచ్చింది, కానీ అనుమానంగా ఉంది

ఆ అనుమానం మంచిదే. పండులో పెక్టిన్ ఉంటుంది, జామ్ గట్టిపడేది దాని వల్లే. స్పిరిట్ తగిలితే అది కూడా తెల్లగా, బుడగలు పట్టుకుని, జెల్లీ ముద్దలా తేలుతుంది. ఇక్కడ ఉత్త ట్యూబంటే సబ్బూ ఉప్పూ వేయని పండు రసం. సబ్బు లేకపోతే కణాల్లోంచి డీఎన్ఏ సరిగా బయటికి రాదు. అందులోనూ అంతే ముద్ద వచ్చిందంటే మీరు చూస్తున్నదాంట్లో ఎక్కువ భాగం పెక్టినే. మేము అరటిపండు మానేసి ఉల్లిపాయకీ, పెసల మొలకలకీ మారాం. వచ్చేది కొంచెమే, కానీ పుల్లకి చుట్టుకునే సన్నటి దారం వస్తుంది. మొదటిసారి ఆ దారం చూసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

జెల్‌లో రంగు వెనక్కి పోయింది, లేదా జెల్ కరిగిపోయింది

ఇక్కడ జెల్ అంటే జెల్లీ పలక. దాన్ని డబ్బాలో బఫర్ అనే పలచటి ద్రావణంలో ముంచి రెండు చివర్లా కరెంటు పెడితే, డీఎన్ఏ ముక్కలు పొడవుని బట్టి విడిపోయి గీతల్లా నిలుస్తాయి. డీఎన్ఏకి నెగటివ్ చార్జి ఉంటుంది కాబట్టి పాజిటివ్ వైపు పోతుంది. వెనక్కి పోయిందంటే వైర్లు తిరగబడ్డాయి, అంతే. జెల్ కరిగిందంటే చాలాసార్లు బఫర్ బదులు ఉప్పు నీళ్లు వాడారన్నమాట. ఉప్పు నీళ్లలో కరెంటు ఎక్కువగా పారి వేడెక్కుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 2 గ్రాముల వంట సోడా కలపండి, నేర్చుకోవడానికి ఆ బఫర్ చాలు. 9 వోల్టుల బ్యాటరీలు 5 వరసగా కలిపితే 45 వోల్టులు వస్తాయి. గోడ ప్లగ్గు నుంచి నేరుగా కరెంటు ఎప్పుడూ తీసుకోవద్దు. స్టీలు తీగ పెడితే పాజిటివ్ వైపు తుప్పు రంగు దిగి నీళ్లు పాడవుతాయి. పెన్సిల్ లోపలి నల్ల కడ్డీ పెట్టండి.

డీఎన్ఏ పెట్టే ముందు మిఠాయి దుకాణంలో వాడే ఆకుపచ్చ రంగు పెట్టి చూడండి. మన దగ్గర అది సాధారణంగా టార్ట్రజీన్ అనే పసుపు, బ్రిలియంట్ బ్లూ అనే నీలం కలిపిన రంగు. కాసేపటికి పచ్చ చుక్క రెండుగా చీలి, పసుపు ముందు, నీలం వెనక నడుస్తాయి. అవి చీలితే మీ డబ్బా బాగున్నట్టే. డీఎన్ఏ కనపడటానికి ల్యాబుల్లో వాడే ఇథీడియం బ్రోమైడ్ అనే రంగుని ఇంట్లోకి తేవద్దు. అక్వేరియం షాపులో దొరికే మెథిలీన్ బ్లూ వాడొచ్చు. దానితో కనపడాలంటే డీఎన్ఏ కాస్త ఎక్కువ ఉండాలి.

పీసీఆర్: ఒక్క గీతా లేదు

పీసీఆర్ అంటే డీఎన్ఏలో మనకి కావాల్సిన ముక్కని మెషీన్‌లో వేడి చేసి చల్లార్చుతూ, ఒక ఎంజైముతో కాపీల మీద కాపీలు తీసే పద్ధతి. పని జరిగితే జెల్‌లో గీత కనపడుతుంది. మేము మునగాకులోని ఆర్‌బీసీఎల్ అనే జన్యువుని ఇలా పెంచి చూస్తాం. మొక్కల్ని గుర్తుపట్టడానికి శాస్త్రవేత్తలు వాడే జన్యువుల్లో అదొకటి. గీత రాకపోతే ముందు ఎంజైము గురించి ఆలోచించండి. కాపీలు తీసే ఆ టాక్ ఎంజైము వేడి నీటి బుగ్గల్లోని బాక్టీరియా నుంచి వచ్చింది, 95 డిగ్రీలు తట్టుకుంటుంది. అయినా నిలవ ఉండాలంటే మైనస్ 20 కావాలి. ఇంటి ఫ్రిజ్‌లో రోజూ కరెంటు పోయి వస్తుంటే పాడవుతుంది. మామూలు వేడిలోనే నిలవ ఉండే పొడి రూపంలో దొరుకుతుంది, మన ఊళ్లకి అదే సరి. ఆకులోని వగరు పదార్థాలు కూడా ఎంజైముని అడ్డుకుంటాయి. ఆకు రసాన్ని పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టండి. తక్కువ వేస్తే గీత వస్తుందా అని పిల్లలు నమ్మలేదు. పెట్టి చూపిస్తే నమ్మారు. మధ్యలో కరెంటు పోయి మెషీన్ మొదటికొస్తుంటే కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించండి.

పీసీఆర్: అన్నిట్లోనూ గీత వచ్చింది

"మాస్టారూ, నీళ్లలో కూడా మునగ ఉందా?" అని అడిగింది ఒక పాప. ఉత్త ట్యూబులో వేసింది నీళ్లే, అయినా గీత స్పష్టంగా ఉంది. ఆ రోజు గదిలో సందడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మూడు వారాల ఫలితాలు పక్కన పెట్టేశాం.

పీసీఆర్‌లో ప్రతి రౌండుకీ డీఎన్ఏ రెట్టింపవుతుంది. అంతా సవ్యంగా సాగితే ఒక్క అణువు 30 రౌండ్లకి వంద కోట్లు దాటుతుంది. పోయిన వారం ట్యూబు మూత తీసినప్పుడు ఎగిరిన తుంపర ఈ వారం నీళ్లలో పడితే చాలు. అందుకే ఇప్పుడు ట్యూబులు కలిపేది ముందు గదిలో, అయిపోయిన ట్యూబు తెరిచేది వెనక గదిలో. వెనక నుంచి ముందుకి ఏ సామానూ రాదు. చుక్కలు కొలిచి పోసే పిపెట్‌కి ప్రతిసారీ కొత్త టిప్పు. నీళ్లు చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకుని, ఒకసారి తెరిచినది మళ్లీ వాడం. ఉత్త ట్యూబు ఖాళీగా వస్తే తప్ప మిగతావాటి ఫలితం నోటుబుక్కులోకి ఎక్కదు.

అగార్ ప్లేటు నిండా బూజు

అగార్ అంటే సూక్ష్మజీవుల్ని పెంచడానికి ప్లేట్లో పోసే జెల్లీ. వానాకాలం, పైన ఫ్యాను. ఈ రెండూ చాలు. ఫ్యాను ఆపండి, అగారుని ప్రెషర్ కుక్కర్లో వెయిట్ పెట్టి, ఆవిరి పట్టాక 20 నిమిషాలు ఉంచండి. బూజు పట్టిన ప్లేటు మూత తీయకండి. టేపు వేసి అలాగే మళ్లీ కుక్కర్లో పెట్టి చంపాకే పారేయండి. ఆ కుక్కరు ఇక వంటింట్లోకి వెళ్లకూడదు. బ్లీచుతో చంపుతారా, అప్పుడు కుక్కరు వద్దు. బ్లీచునీ స్పిరిట్‌నీ ఎప్పుడూ కలపవద్దు. గొంతు, ముక్కు, పుండ్ల నుంచి తీసినవి ఇంట్లో అసలు పెంచకండి. సూక్ష్మజీవుల్ని చూడాలన్న కోరికకి తరవాణి కుండ ఉంది. ఒక చుక్క తీసి బడి మైక్రోస్కోపులో 400 రెట్లలో చూడండి. మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న బయాలజీ అదే.

మెరిసే బాక్టీరియా కిట్ తెప్పించవచ్చా?

వద్దు. అమెరికాలో జన్యువులు మార్చే కిట్లు ఇళ్లకి అమ్ముతున్నారు, నిజమే. మన దేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు ఉన్నాయి. జన్యువు మార్చిన జీవిని తయారు చేయాలన్నా, వాడాలన్నా, దిగుమతి చేసుకోవాలన్నా అనుమతి కావాలి. దానికి బయో సేఫ్టీ కమిటీ ఉన్న సంస్థలో పని చేయాలి. ఇంటి గదికి ఆ అనుమతి రాదు. ఈ నియమం సరైనదేనని నా అభిప్రాయం. తరవాణి కుండ, బోరు, పిల్లలు అన్నీ ఒకే పెరట్లో ఉండే ఇళ్లు మనవి.

కానీ రాసుకోవడానికి, గీసుకోవడానికి అనుమతి అక్కర్లేదు. కిట్ కావాలని పట్టుబట్టిన ఇంటర్ కుర్రాడికి జెల్లీ చేపలోని మెరిసే ప్రొటీన్ వరసని ఇంటర్నెట్ నుంచి తీసి ఇచ్చాను. 238 అమినో ఆమ్లాలు, డీఎన్ఏలో 714 అక్షరాలు. గ్రాఫ్ కాగితం మీద మూడేసి అక్షరాలు గడికొకటి చొప్పున రెండు ఆదివారాలు రాశాడు. 65, 66, 67 గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టాడు. సెరీన్, టైరోసిన్, గ్లైసిన్. ఆకుపచ్చ వెలుగు పుట్టేది ఆ మూడింటి దగ్గరే.