సెలవు రోజున లారీ నడిపితే జీతం లెక్క ఎలా వేసుకోవాలి

గుంటూరు మిర్చి యార్డు నుంచి గానీ, విజయవాడ ఆటోనగర్ నుంచి గానీ నెల జీతం మీద లారీ నడిపే డ్రైవర్‌కు పండుగ రోజు డ్యూటీ పడితే, బత్తా కొంత పెంచి చేతిలో పెట్టి లెక్క తీరిపోయిందనే ఓనర్లు చాలామందే ఉంటారు. బత్తా దారిలో తిండికీ చిల్లర ఖర్చులకూ ఇచ్చేది. అది వేతనం కాదు. సెలవు నాటి వేతనాన్నీ, అదనపు గంటల వేతనాన్నీ బత్తాలో కలిపేయకుండా వేరు వేరు పద్దులుగా రాయించుకోవాలి.

ముందుగా గంటలు తేల్చుకోవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనిని పరిమితిగా పెట్టి, ఆపై చేసిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నా ఈ రెండు సూత్రాలూ నిలిచే ఉన్నాయి. పని గంటలంటే బండి కదిలిన సమయం ఒక్కటే కాదు, బండికి సంబంధించిన అనుబంధ పనులకు పట్టిన సమయం కూడా అందులో చేరుతుంది. లోడు కోసం యార్డు గేటు దగ్గర పడిగాపులు పడిన సమయం మీదే తగాదాలు ఎక్కువ కాబట్టి, దాన్ని విడిగా రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక లెక్క. జీతం నెలకు 20,800 రూపాయలు అనుకుందాం. వాడుకలో ఉన్నట్టు వారాంతపు సెలవులు పోను నెలకు 26 పని దినాలుగా భాగిస్తే రోజుకు 800, గంటకు 100 రూపాయలు. ఆగస్టు 15న ఉదయం గుంటూరులో బయలుదేరి విశాఖపట్నం చేరి సరుకు అప్పగించేసరికి, విశ్రాంతి పోను 11 గంటల పని అయితే, సెలవు రోజు కనుక మొదటి 8 గంటలకు రెట్టింపుగా 1,600 రూపాయలు రావాలి. అయితే ఆ రోజు 800 నెల జీతంలోనే ఉంది కనుక అదనంగా అడగవలసింది మరో 800. మిగిలిన 3 గంటలకు గంటకు 200 చొప్పున 600. మొత్తం 1,400 రూపాయలు, బత్తా కాక.

రాష్ట్రంలో 1974 నాటి సెలవుల చట్టం వర్తించే సంస్థలలో జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2లతో పాటు కొన్ని పండుగ సెలవులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో పని చేసినవారు రెట్టింపు వేతనం గానీ, ఆనాటి వేతనంతో పాటు మరో రోజు జీతంతో కూడిన సెలవు గానీ కోరుకోవచ్చు. ఎంచుకునే హక్కు పని చేసినవారిది. సంక్రాంతి నాడు నడిపి, బదులు సెలవు ఎప్పుడో కిరాయిలు లేని రోజున తీసుకోమంటే ఒప్పుకోనక్కర లేదు.

నోటి మాట నిలవదు. బిల్టీ (లారీకి సరుకు ఎక్కించినప్పుడు ఇచ్చే రవాణా రసీదు), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం), గుంటూరు-విజయవాడ దారిలోని కాజా టోల్‌ప్లాజా దాటిన సమయం చూపే ఫాస్టాగ్ సందేశం, సరుకు దింపిన రసీదు ఫొటోలు తీసి, నెలాఖరులో తేదీలవారీ కాగితంతో కలిపి ఓనరుకు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. వచ్చే నెల 7వ తేదీలోగా జీతంతో పాటు ఆ డబ్బు రాకపోతే అదే నకలుతో కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. క్లెయిముకు 3 సంవత్సరాల గడువు ఉంది గనుక, పని మానేశాక కూడా ఆ కాగితాలను పారేయకూడదు.